చిన్న మిర్రర్‌లెస్ కెమెరా కొనేటప్పుడు లెన్స్, బాడీ ఎలా సెలెక్ట్ చేసుకోవాలి?

మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని, లెన్స్ మార్చుకోగలిగే కెమెరా) కొందాం అనుకునేవాళ్ళు దాదాపు అందరూ బాడీ (లెన్స్ తీసేస్తే మిగిలే కెమెరా) దగ్గరే మొదలుపెడతారు, ఎన్ని మెగాపిక్సెల్స్, 4కె ఉందా, ఆటోఫోకస్ ఎలా ఉంది అని రోజుల తరబడి వీడియోలు చూసి చూసి చివరికి ఒకటి ఫిక్స్ అయ్యి, లెన్స్ సంగతి వచ్చేసరికి "బాక్స్‌లో ఇచ్చేది చాల్లే" అనేస్తారు. నన్నడిగితే ఇది రివర్స్‌లో చేయాలి. ముందు ఏ లెన్స్ కావాలో తేల్చుకోండి, అది ఏ మౌంట్‌లో (బాడీకి లెన్స్ బిగించే చోటు, కంపెనీని బట్టి మారుతుంది) దొరుకుతుందో చూడండి, బాడీ ఆ తర్వాత. బాడీ కొన్నేళ్ళకి ఎలాగూ మారుస్తాం, లెన్సులు మాత్రం మనతోనే ఉండిపోతాయి, పైగా చిన్నదని ముచ్చటపడి కొన్న కెమెరాని బరువెక్కించేది కూడా లెన్సే, బరువెక్కిందా ఇక అది అటకెక్కినట్టే.

1. ముందు ఫోన్ గ్యాలరీ తెరవండి

మీరు ఇప్పటిదాకా తీసిన ఫొటోలే మీకు ఏ లెన్స్ కావాలో చెప్పేస్తాయి. ఫోన్‌లో మెయిన్ కెమెరా ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్ సైజు, కింద చెప్తాను) లెక్కలో సుమారు 24-26 మి.మీ. ఉంటుంది. ఈ మి.మీ. నంబర్ తగ్గేకొద్దీ ఎక్కువ సీన్ పడుతుంది, అదే వైడ్, పెరిగేకొద్దీ దూరంవి దగ్గరగా కనిపిస్తాయి, అదే టెలీ. ఎక్కువ ఫొటోలు జూమ్ చేయకుండా తీసినవే అయితే మీకు వైడ్ అలవాటు. ఎప్పుడూ 2ఎక్స్ నొక్కి మనుషుల్ని తీస్తుంటే 50 చుట్టుపక్కల లెన్స్ మీకు సరిపోతుంది. పిట్టలు, దూరంగా స్టేజి మీద డాన్సులు, ఇవే ఎక్కువైతే పొడవాటి టెలీ కావాలి, అప్పుడు చిన్న సెట్ అనే ఆశ కొంచెం తగ్గించుకోవాల్సిందే.

2. సెన్సార్ సైజు తేల్చుకోండి

సెన్సార్ అంటే లెన్స్ నుంచి వచ్చిన వెలుగుని ఫొటోగా మార్చే చిప్. దాని సైజుల్లో ఫుల్ ఫ్రేమ్ అంటే 36×24 మి.మీ., ఏపీఎస్-సీ సుమారు 23.5×15.6 (కెనాన్‌ది ఇంకాస్త చిన్నది), మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3×13. లెన్స్ మీద రాసున్న మి.మీ. నంబర్‌ని ఏపీఎస్-సీలో 1.5తో, కెనాన్ అయితే 1.6తో, మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 2తో గుణిస్తే అది ఫుల్ ఫ్రేమ్‌లో ఎన్ని మి.మీ. లెన్స్‌తో సమానమో తెలుస్తుంది. ఉదాహరణకి మైక్రో ఫోర్ థర్డ్స్‌కి ఒలింపస్ 45 మి.మీ. ఎఫ్/1.8 ఉంది (ఎఫ్ నంబర్ తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది, వెలుగూ వెనక బ్లరూ పెరుగుతాయి), బరువు 116 గ్రాములే, 90 మి.మీ. పోర్ట్రెయిట్ లెన్స్‌లా పనిచేస్తుంది. కాకపోతే వెనక బ్లర్ ఫుల్ ఫ్రేమ్‌లో ఎఫ్/3.6 పెడితే ఎంత వస్తుందో అంతే వస్తుంది, ఎక్స్‌పోజర్ (ఫొటోకి అందే వెలుగు) మాత్రం 1.8దే. ఈ రెండూ కలిపేసుకుని జనం గంటలు గంటలు వాదించుకుంటారు, అనవసరం.

మొహం తప్ప వెనకంతా కరిగిపోవాలి, చీకట్లో కూడా గ్రెయిన్ (చుక్కలు చుక్కలుగా కనిపించడం) ఉండకూడదు అంటే పెద్ద సెన్సార్ వైపే వెళ్ళండి. సోనీ ఏ7సీ లాంటి ఫుల్ ఫ్రేమ్ బాడీ కూడా 509 గ్రాములే ఉంటుంది, కానీ దానికి ఎఫ్/2.8 జూమ్ తగిలించాక చూడండి, బ్యాగ్‌లో పట్టదు. ఎక్కువమందికి ఏపీఎస్-సీ సరిపోతుందనే నా ఉద్దేశం.

3. మౌంట్ బతికుందో లేదో చూడండి

ఇక్కడ తొందరపడొద్దు. నికాన్ 1 సిరీస్ 2018లో ఆగిపోయింది, కెనాన్ ఈఎఫ్-ఎమ్ మౌంట్‌లో కూడా ఇక కొత్తవి రావు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా కనిపిస్తాయి, కెమెరాలు కూడా బానే ఉంటాయి, కానీ ఈఎఫ్-ఎమ్ లెన్సులు కెనాన్ కొత్త ఆర్‌ఎఫ్ బాడీలకి ఎక్కవు, అంటే రేపు బాడీ మారిస్తే లెన్సులతో సహా మొత్తం మార్చుకోవాలి. చిన్న లెన్సులు బాగా దొరికేవి సోనీ ఈ, ఫుజీ ఎక్స్, మైక్రో ఫోర్ థర్డ్స్ మౌంట్లు. కెనాన్ ఆర్‌ఎఫ్‌లో ఏపీఎస్-సీ కోసం సిగ్మా, టామ్రాన్ ఆటోఫోకస్ లెన్సులు 2024 నుంచే రావడం మొదలైంది కాబట్టి మీకు కావాల్సింది ఉందో లేదో ముందే చూసుకోండి.

4. ఒక జూమ్, ఒక ప్రైమ్

మొదట్లో ఈ రెండూ చాలు. ప్రైమ్ అంటే జూమ్ లేని, ఒకే మి.మీ. ఉన్న లెన్స్. బాక్స్‌లో వచ్చే కిట్ జూమ్‌ని తిట్టడం ఫ్యాషన్ అయిపోయింది గానీ సోనీ 16-50 మొదటి వెర్షన్ కూడా 116 గ్రాములే, ఎండలో తీస్తే తప్పు పట్టడానికేం ఉండదు. అసలు తేడా సాయంత్రం ఇంట్లో తెలుస్తుంది. జూమ్‌ని 50 దగ్గరికి తిప్పితే ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు, ఎఫ్/1.8 ప్రైమ్ దానికంటే దాదాపు పది రెట్లు వెలుగు లోపలికి రానిస్తుంది. అంటే ట్యూబ్‌లైట్ కింద అదే ఐఎస్ఓలో (వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపించాలో చెప్పే సెట్టింగ్) కిట్ లెన్స్‌కి సెకనులో 15వ వంతు షటర్ కావాల్సిన చోట ప్రైమ్‌కి 125వ వంతు పెట్టినా సరిపోతుంది, మొదటిదాంట్లో పరిగెత్తే పిల్లాడు ఒక మరకలా పడతాడు, రెండోదాంట్లో మొహం గుర్తుపట్టొచ్చు.

జూమ్, వెలుగు రెండూ ఒకే లెన్స్‌లో కావాలంటే ఏపీఎస్-సీకి సిగ్మా 18-50 ఎఫ్/2.8 ఉంది, సుమారు 290 గ్రాములు, లెన్స్ మార్చడం బద్ధకమైనవాళ్ళకి అదే బెస్ట్.

5. స్టెబిలైజేషన్ ఎక్కడుందో చూడండి

స్టెబిలైజేషన్ అంటే చెయ్యి వణికినా ఫొటో చెదరకుండా చూసే ఏర్పాటు. ఇది కొన్ని బాడీల్లో ఉంటుంది, కొన్ని లెన్సుల్లో ఉంటుంది, రెండిట్లోనూ లేని జోడీ కొనేసే ప్రమాదం కూడా ఉంది. సోనీ ఏ6400 బాడీలో లేదు, దానికి సిగ్మా 56 ఎఫ్/1.4 పెడితే అందులోనూ లేదు. ఒలింపస్ ఈ-ఎమ్10 మార్క్ 4లో బాడీలోనే ఉంది కాబట్టి ఏ లెన్స్ పెట్టినా పనిచేస్తుంది. నడుస్తూ వీడియో తీసేవాళ్ళకి ఇది ముఖ్యం. అయితే ఇది మన చెయ్యి వణుకునే ఆపుతుంది, ఎదుటి మనిషి కదిలితే ఏమీ చేయలేదు, దానికి షటర్ స్పీడే దిక్కు.

6. లెన్స్ తగిలించి చేత్తో పట్టుకోండి

ఖాళీ బాడీని పట్టుకుని "అబ్బ ఎంత తేలికో" అనుకోవద్దు. మీరు వాడబోయే లెన్స్ పెట్టి ఒంటిచేత్తో కాసేపు పట్టుకోండి. చిటికెన వేలు గ్రిప్ కిందికి జారిపోయి గాల్లో ఉంటే, ముందు బరువుకి లెన్స్ కిందికి వంగుతుంటే మణికట్టు నొప్పెడుతుంది. వ్యూఫైండర్ (కంటికి ఆనించి చూసే కిటికీ) లేని బాడీ అయితే ఒకసారి ఎండలోకి తీసుకెళ్ళి స్క్రీన్ కనిపిస్తుందో లేదో చూడండి.

7. సెకండ్ హ్యాండ్ అయితే

లెన్స్‌ని బాడీ నుంచి తీసి, రెండు వైపులా మూతలు తీసి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. లోపలి అద్దాల మీద సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్, ఎంత తక్కువకి ఇస్తానన్నా వదిలేయండి. నాలుగు దుమ్ము రేణువులు ఉంటే మాత్రం ఫొటోలో కనిపించవు, పర్లేదు. బాడీకైతే ఎఫ్/16 పెట్టి తెల్లగోడనో ఆకాశాన్నో ఫోకస్ లేకుండా ఒక ఫొటో తీసి జూమ్ చేసి చూడండి, నల్లటి మచ్చలుంటే సెన్సార్ మీద దుమ్ము ఉన్నట్టు, అది క్లీన్ చేయిస్తే పోతుంది కాబట్టి ఆ మేరకు బేరం ఆడుకోండి.