మెయిల్లో ‘క్యాన్సిల్’ అని వస్తే దానంతటదే పసుపు రంగు పడాలంటే?

మిర్చి సీజన్ వచ్చిందంటే గుంటూరులో మా కమీషన్ కొట్టుకు మెయిళ్లే మెయిళ్లు. తేజ రకం ఎన్ని టిక్కీలు (బస్తాలు), 341 రకం రేటెంత, లోడు ఎప్పుడు... ఈ గోలలో మూడో పేరా చివర ఎక్కడో ‘క్యాన్సిల్’ అని ఉంటుంది. ఓసారి అది కంటపడక లారీకి సరుకు ఎక్కించేశాం. దించడానికి మళ్లీ హమాలీ ఖర్చు. ఆ తర్వాతే ఈ మ్యాక్రో, అంటే మెయిల్ రాగానే దానంతటదే నడిచే చిన్న ప్రోగ్రామ్, పెట్టుకున్నాను.

ఇది విండోస్‌లోని క్లాసిక్ అవుట్‌లుక్‌లోనే నడుస్తుంది. కొత్త అవుట్‌లుక్‌లో ఈ మ్యాక్రోలు ఉండవు.

ముందు ఫైల్, ఆప్షన్స్, ట్రస్ట్ సెంటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, మ్యాక్రో సెట్టింగ్స్‌లో ‘నోటిఫికేషన్స్ ఫర్ ఆల్ మ్యాక్రోస్’ ఎంచుకోండి. ‘ఎనేబుల్ ఆల్’ జోలికి పోవద్దు.

ఆల్ట్, ఎఫ్11 కలిపి నొక్కితే మ్యాక్రో రాసే ఎడిటర్ తెరుచుకుంటుంది. ఎడమవైపు ‘దిస్ అవుట్‌లుక్ సెషన్’ మీద డబుల్ క్లిక్ చేయండి. పైన రెండు డ్రాప్‌డౌన్‌లుంటాయి. మొదటిదాంట్లో ‘అప్లికేషన్’, రెండోదాంట్లో ‘న్యూమెయిల్ఈఎక్స్’ ఎంచుకుంటే కొత్త మెయిల్ రాగానే నడిచే మ్యాక్రోకు మొదటి, చివరి లైన్లు అవే పడతాయి. పక్కన ఇంకో ఖాళీ జత వస్తే చెరిపేయండి.

మధ్యలో మనం రాయాల్సింది నాలుగు పనులు. కొత్త మెయిల్‌తో వచ్చిన ఐడీని (దాని గుర్తింపును) ‘గెట్‌ఐటమ్‌ఫ్రమ్‌ఐడీ’కి ఇచ్చి మెయిల్‌ని పట్టుకోవాలి. అది మామూలు మెయిలేనా, మీటింగ్ పిలుపా అని చూడాలి. ‘హెచ్‌టీఎంఎల్‌బాడీ’లో (మెయిల్ లోపలి హెచ్‌టీఎంఎల్ కోడ్‌లో) మన మాటను ‘రీప్లేస్’తో తీసి, పసుపు బ్యాక్‌గ్రౌండ్ ఉన్న స్పాన్ ట్యాగ్ మధ్య అదే మాట పెట్టాలి. చివర్లో ‘సేవ్’. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా వద్దనుకుంటే ‘వీబీటెక్స్ట్‌కంపేర్’ కలపండి. తెలుగు మాట నేరుగా టైప్ చేస్తే ఆ ఎడిటర్‌లో ప్రశ్నార్థకాలు పడతాయి; ఒక్కో అక్షరం కోడ్‌ని ‘సీహెచ్‌ఆర్‌డబ్ల్యూ’తో ఇవ్వాల్సిందే.

అవుట్‌లుక్ మూసి తెరవండి. అడిగితే మ్యాక్రోలకు ఒప్పుకోండి.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. ‘తేజ’కు కూడా ఇంగ్లిష్ అక్షరాల్లో రంగు పెట్టాను. ఒక పార్టీ మెయిల్ ఐడీలోనే ఆ మాట ఉంది. రీప్లేస్‌కు లింకు ఏదో, మాట ఏదో తెలియదు కదా, లింకు లోపలికి స్పాన్ దూర్చేసి దాన్ని చెడగొట్టింది. ఇప్పుడు మాట ముందు ఒక ఖాళీ కలిపి వెతికిస్తున్నాను. లింకుల్లో ఖాళీ ఉండదు కాబట్టి చాలావరకు బతికిపోయాం. కాకపోతే పేరా మొదట్లోనే ఆ మాట వస్తే రంగు పడదు.

ఇంకోటి, ఇది అసలు మెయిల్‌నే మారుస్తుంది. డిజిటల్ సంతకం ఉన్న మెయిళ్లను మ్యాక్రో వదిలేసేలా చూసుకోండి, లేకపోతే సంతకం చెల్లదని చూపిస్తుంది.