నీటి నుంచి హైడ్రోజన్ – 4వ పాఠం: కరెంటును పెంచే మలినం

గత పాఠంలోని అభ్యాసం చేసినవారిలో చాలామందికి ఒకే చిక్కు ఎదురైంది. పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నికెల్ రేకును ఆనోడ్‌గా (ఆక్సిజన్ వెలువడే ఎలక్ట్రోడ్‌గా) ఉంచి సైకిళ్లు, అంటే పొటెన్షియల్‌ను పెంచి మళ్లీ తగ్గించే చక్రాలు, నడిపేకొద్దీ ఆక్సిజన్ విడుదల తాలూకు కరెంటు నిలకడగా ఉండక పెరుగుతూ పోయింది. ఇది తేలేదాకా ఏ కొలతనూ నమ్మలేము కాబట్టి, టాఫెల్ వాలును (కరెంటు పదిరెట్లు కావడానికి ఎంత అదనపు పొటెన్షియల్ కావాలో చెప్పే కొలతను) వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను.

ఉత్ప్రేరకాన్ని చంపే మలినాలు మీకు తెలిసినవే. ప్లాటినం మీద హైడ్రోజన్ చేరవలసిన చోట్లను గంధక సమ్మేళనాలు, కార్బన్ మోనాక్సైడ్ ఆక్రమిస్తాయి. కరెంటు పడిపోవడంతో అవి వెంటనే పట్టుబడతాయి. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది కరెంటును పెంచే మలినం, ఎందుకంటే ఫలితం బాగున్నప్పుడు కారణం వెతకాలని ఎవరికీ తోచదు.

మీ ద్రావణంలో ఉన్నది ఇనుము. మామూలు పొటాషియం హైడ్రాక్సైడ్‌లో అది లేశమాత్రంగా ఉంటుంది, రేకు మీద ఏర్పడే నికెల్ ఆక్సీహైడ్రాక్సైడ్ పొర దానిని తనలోకి లాక్కుంటుంది. ఈ ప్రభావాన్ని 1987లో పరిశోధకుడు కోరిగన్ చూపించారు. ఇనుము పూర్తిగా తొలగిస్తే ఆ పొర ఆక్సిజన్‌కు బలహీనమైన ఉత్ప్రేరకమేనని 2014లో బోయెట్చర్ బృందం స్పష్టం చేసింది. గుర్తు పట్టడానికి కరెంటును కాక, ఆక్సిజన్ మొదలవడానికి ముందు వచ్చే నికెల్ ఆక్సీకరణ శిఖరాన్ని (గ్రాఫులో కరెంటు పైకి లేచి దిగే చోటును) చూడండి: ఇనుము చేరేకొద్దీ అది ఎక్కువ పొటెన్షియల్ వైపు జరుగుతుంది.

గాజు బీకరు వాడవద్దని మళ్లీ చెబుతున్నాను. క్షారం గాజును కొద్దికొద్దిగా కరిగిస్తుంది, గాజులోని ఇనుము ద్రావణంలోకి వస్తుంది. బీకరును ఎన్నిసార్లు కడిగినా ఇది ఆగదు, ఎందుకంటే మలినం గాజుకు అంటుకున్నది కాదు, గాజులోనే ఉన్నది. ద్రావణం తయారీ, నిల్వ, ప్రయోగం అన్నీ పాలీప్రొపిలీన్ పాత్రలలోనే జరగాలి.

శుద్ధి చేయడానికి అతిశుద్ధ నికెల్ నైట్రేట్ నుంచి నికెల్ హైడ్రాక్సైడ్‌ను అవక్షేపించి, బాగా కడిగి, దానిని మీ ద్రావణంలో కలిపి కుదిపి, కనీసం మూడు గంటలు ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేసి పైతేటను తీసుకోండి. ఇనుము అవక్షేపంలోనే ఉండిపోతుంది. నికెల్ లవణాలు విషపూరితం, చేతి తొడుగులు తప్పనిసరి.

కాథోడ్‌ను (హైడ్రోజన్ వెలువడే ఎలక్ట్రోడ్‌ను) పరీక్షించేటప్పుడు ఎదురు ఎలక్ట్రోడ్‌గా ప్లాటినం పెట్టవద్దు. అది కరిగి మీ నమూనా మీద చేరుతుంది. నేను గ్రాఫైట్ కడ్డీనే వాడతాను.

అభ్యాసం: 50 మిల్లీలీటర్ల శుద్ధి చేసిన ద్రావణంలో అతిశుద్ధ నికెల్ రేకుతో 50 సైకిళ్లు నడపండి. 36 మిల్లీగ్రాముల ఫెర్రిక్ నైట్రేట్ నోనాహైడ్రేట్‌ను 100 మిల్లీలీటర్ల నీటిలో అప్పటికప్పుడు కరిగించి, అందులో 1 మిల్లీలీటరు కలపండి. ద్రావణంలో ఇనుము సుమారు 1 పీపీఎం (పది లక్షల భాగాలలో ఒక భాగం) అవుతుంది. మరో 50 సైకిళ్లు నడిపి, ప్రతి పదో సైకిల్‌లో శిఖరం ఎక్కడ ఉందో, కరెంటు ఎంత ఉందో ఒకే గ్రాఫు మీద గీయండి.