చేతితో చేసిన కత్తి చేతులు మారేటప్పుడు ధర కట్టడం ఎలా

కొత్త కత్తి చేయించుకోవడానికి కొలిమి దగ్గరకు వెళితే, ఉక్కు, బొగ్గు, పిడి సామగ్రి, పని దినాలు కలిపి కమ్మరి ఒక లెక్క చెబుతాడు. అదే కత్తి ఒకరి దగ్గర నుంచి మరొకరి దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ లెక్క పనికిరాదు. ఎవరు చేశారు, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, దానికి సాటి వచ్చే కత్తి ఈ మధ్య నిజంగా ఎంతకు అమ్ముడైంది అనేవే అప్పుడు ధరను నిర్ణయిస్తాయి. ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం వైపు ఉంటూ ఇలాంటి కత్తులు సేకరించే మన తెలుగువారిలో చాలామంది మూడోదాన్ని వదిలేసి, అమ్మేవారి నోటి మాట మీద బేరం మొదలుపెడుతున్నారు. అమ్మే మనిషి అడిగే మొత్తం ధర కాదు, కోరిక మాత్రమే.

మొదట చూడవలసింది అలుగు (కత్తి లోహపు భాగం) మీద చేసినవారు వేసిన ముద్ర. అమెరికాలో బాబ్ లవ్‌లెస్ చేసిన కత్తులు వేల డాలర్లు పలుకుతాయి. అయితే ఆయన 1950ల మధ్యలో పని మొదలుపెట్టినప్పటి నుంచి 2010లో మరణించేదాకా ముద్రలు మారుతూ వచ్చాయి కాబట్టి, ఒకే నమూనా కత్తులు రెండున్నా ముద్రను బట్టి ఏది ఏ కాలానిదో తెలుస్తుంది, ధర కూడా ఆ కాలాన్ని బట్టే మారుతుంది. 1976లో ఏర్పడిన అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ (కత్తులు చేసే కమ్మరుల సంఘం) పరీక్షలో నెగ్గినవారు తమ పేరుతో పాటు స్థాయిని తెలిపే జె.ఎస్. (జర్నీమన్ స్మిత్), ఎం.ఎస్. (మాస్టర్ స్మిత్) అక్షరాలను కూడా ముద్రిస్తారు. ఆ పరీక్షలో, వేలాడదీసిన అంగుళం మందపు తాడును ఒక్క వేటుతో తెంపి, చెక్క దిమ్మెలను నరికిన తర్వాత కూడా వెంట్రుకలు గొరిగేంత పదును నిలవాలి, చివరికి అలుగును 90 డిగ్రీలు వంచినా అది రెండు ముక్కలు కాకూడదు. పరీక్షకు నిలిచింది మీ చేతిలో ఉన్న కత్తి కాదు కనుక, ఆ అక్షరాలు చేసినవారి నేర్పుకు హామీ మాత్రమే. మీ కత్తిని విడిగా పరిశీలించక తప్పదు.

చేసినవారు ఇంకా ఆర్డర్లు తీసుకుంటున్నారా అన్నది తర్వాతి ప్రశ్న. కొద్ది నెలల్లో కొత్తది చేసిచ్చే మనిషి కత్తిని సెకండ్ హ్యాండ్‌లో కొత్త ధరకు మించి ఎవరూ కొనరు. ఏళ్ల తరబడి వేచి ఉండవలసిన చోట, ఆ నిరీక్షణను తప్పించుకోవడానికే కొందరు ఎక్కువ ఇస్తారు. చేసినవారు చనిపోతే ధర పెరుగుతుందన్న నమ్మకం పేరున్నవారి విషయంలోనే నిలుస్తుంది. పేరు లేనివారి కత్తికి మరమ్మతు చేసే మనిషి కూడా లేకుండా పోతాడు కాబట్టి ధర తగ్గడమే ఎక్కువ.

మన ప్రాంతపు కమ్మరులు చాలామంది ముద్ర వేయరు. లారీ కమాను పట్టీని సాగగొట్టి ఎంత అందమైన కత్తి చేసినా, రెండో చేతికి వచ్చేసరికి అది ఊరూ పేరూ లేని వస్తువైపోతుంది. ఇది నన్ను నిజంగా బాధించే విషయం. కొన్న రోజే కమ్మరి పేరు, ఊరు, తేదీ, ఇచ్చిన మొత్తం ఒక కాగితం మీద రాసి, వీలైతే ఆయన సంతకం తీసుకుని, కత్తితో పాటు ఫోటో తీసి ఉంచండి. మంచి పనివారికి రేపు ఒక అంగడి ఏర్పడాలంటే ఈ కాగితమే ఆధారం.

స్థితిని పరిశీలించేటప్పుడు తొందర పనికిరాదు. పగటి వెలుతురులో అలుగును కంటి ఎత్తుకు తెచ్చి, వెన్ను వైపు నుంచి మొన దాకా చూస్తే వంపు ఉంటే తెలిసిపోతుంది. తర్వాత పిడి, అలుగు కలిసే చోట బొటనవేలి గోరును అడ్డంగా నడిపించండి. గోరు తట్టుకుందంటే అక్కడ సందు ఏర్పడినట్టే. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు కాబట్టి మన వైపు గేదె కొమ్ము పిడులు తరచుగా కనిపిస్తాయి. కొమ్ము వాన కాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండ కాలంలో ముడుచుకుంటుంది, అందుకే ఇత్తడి కట్టు దగ్గర వెంట్రుక వాసి సందు, రివిట్ల చుట్టూ సన్నని బీటలు వస్తాయి. వెంట్రుక వాసి సందును క్షమించవచ్చు, కానీ రివిటు నుంచి రివిటుకు పాకిన బీటను క్షమించకూడదు.

కార్బన్ ఉక్కు మీద వాడకంతో ఏర్పడే నీలి నలుపు పొర లోపం కాదు. ఎర్ర తుప్పు లోపం, తుప్పు తిన్న గుంటలు ఇంకా పెద్ద లోపం, ఎందుకంటే గుంటలు పోవాలంటే లోహాన్ని అరగదీయాలి. తీరపు ఉప్పు గాలి తగిలే గంజాం జిల్లాలో కత్తిని తోలు ఒరలోనే ఉంచి బీరువాలో పెట్టడం వల్ల చాలా కత్తులు పాడవుతున్నాయి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, తోలు శుద్ధికి వాడిన రసాయనాలు ఉక్కును తింటాయి. అందుకే ఒర నుంచి తీసి, తేమ వాసన ఉందేమో చూసి, ఒర అంచు తగిలే చోటును ప్రత్యేకంగా గమనించాలి.

పాత కత్తిని మెరిపించి తెచ్చారంటే నేను ధర తగ్గిస్తాను. బఫింగ్ చక్రం మీద పెట్టిన అలుగుకు పదునైన గీతలు గుండ్రబడతాయి, ముద్ర అక్షరాల అంచులు మసకబారతాయి. పదే పదే సాన పట్టిన కత్తికి మొన దగ్గర వెడల్పు తగ్గుతుంది, కొత్తగా ఉన్నప్పటి ఫోటోతో పోలిస్తే ఇది స్పష్టంగా కనబడుతుంది. డమాస్కస్ (అలల గీతలున్న ఉక్కు) అని చెబితే వెన్ను మీద చూడండి. రెండు రకాల ఉక్కును కలిపి కాచి మడిచినదైతే పక్కల మీది గీతలు వెన్ను మీద కూడా కొనసాగుతాయి, ఆమ్లంతో పైపైన వేసిన బొమ్మైతే అంచు దగ్గరే ఆగిపోతుంది. తెలంగాణలోని కోనసముద్రం ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా వెళ్లిన మాట నిజమే కానీ, ఆ పేరు చెప్పి అడిగే ఎక్కువ మొత్తానికి ఆధారం చూపమనండి. మడత కత్తి అయితే తెరిచి అలుగును పక్కలకు కదిపి చూడాలి, ఆడకూడదు.

ఇప్పుడు లెక్క. ఒకే మనిషి చేసిన, ఇంచుమించు అదే పొడవు గల కత్తులు మూడు ఈ ఏడాది అమ్ముడయ్యాయని అనుకుందాం: 22,000 రూపాయలకు ఒకటి, 15,500కు ఒకటి, 14,000కు ఒకటి. మొదటిది వాడనిది, రసీదు, అసలు ఒర ఉన్నది. చివరిది వాడినది, అసలు ఒర ఉన్నది. మన కత్తి వాడినది, పిడి దగ్గర సందున్నది, పైగా ఒర మార్చినది. సగటు తీస్తే 17,000 దాటుతుంది, అది మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. మన కత్తికి దగ్గరిది 14,000ది, అక్కడి నుంచే దిగాలి. కొత్త ఒర కుట్టించడానికి 1,500 అవుతుందంటే దానికన్నా ఎక్కువే, 2,000 దాకా తీసేయాలి, ఎందుకంటే చేసిన మనిషి ఇచ్చిన ఒర మళ్లీ దొరకదు. పిడి సందు సరిచేయడానికి 500 తీసేస్తే 11,500 మిగులుతుంది. 12,500 అడిగి, 11,000 కన్నా దిగకపోవడం న్యాయం. అమెరికాలో పలికిన ధరను రూపాయల్లోకి మార్చి ఇక్కడ అడగడం తగదు, అక్కడ ఉన్నంతమంది కొనేవారు ఇక్కడ లేరు. అక్కడి నుంచి తెప్పించుకునేవారు మాత్రం రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిపి లెక్క వేసుకోవాలి.

ధర కట్టకూడని కత్తులు కొన్ని ఉన్నాయి. ఏనుగు దంతం, కణుజు (సాంబర్) కొమ్ము, దుప్పి కొమ్ము పిడులకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడ్డు వస్తుంది. విదేశీ సేకరణకర్తలు ఎంతో ఇష్టపడే కొమ్ము మన కణుజుదే. మన దేశం ఎగుమతి ఆపేశాక అక్కడ దాని విలువ పెరిగింది, ఇక్కడ మాత్రం అదే పిడి కత్తిని అమ్మరానిదిగా చేస్తుంది. గేదె కొమ్ముకు ఈ ఇబ్బంది లేదు, అందుచేత రసీదులో గేదె కొమ్మని రాయించుకోండి. నూరేళ్లు దాటిన కత్తి పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. ఇంటి, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాలకు కాకుండా చేసిన అలుగు 9 అంగుళాల పొడవు గానీ 2 అంగుళాల వెడల్పు గానీ మించితే ఆయుధ నిబంధనల పరిధిలోకి వస్తుంది కాబట్టి, అలాంటిది కొనే ముందు స్థానిక పోలీసు స్టేషన్‌లో అడిగి తెలుసుకోవాలి.

వ్యాపారికి అమ్మితే ఆయన లాభం పోను తక్కువ వస్తుంది కానీ డబ్బు వెంటనే చేతికి అందుతుంది. నేరుగా సేకరణకర్తకు అమ్మితే ఎక్కువ వస్తుంది, ఓపిక కావాలి. ఏ దారి పట్టినా గుంటలను, బీటలను దగ్గరగా ఫోటో తీసి ముందే చూపండి. పది మంది చూసి ఎవరూ బేరానికి రాకపోతే ధర ఎక్కువైందని అర్థం, అప్పుడు వారానికి కొంచెం చొప్పున కాకుండా ఒక్కసారే పదో వంతు తగ్గించి, మరో నెల ఆగండి.