బూస్ట్ ఫైల్‌సిస్టమ్‌ను తీసేయడం: కంపైలర్ పట్టుకోని తేడాలు

బూస్ట్ ఫైల్‌సిస్టమ్ అంటే సి++లో ఫైళ్లు, ఫోల్డర్లతో పనిచేయడానికి వాడే బయటి లైబ్రరీ. సి++17 వచ్చాక చాలా ప్రాజెక్టులకు దానితో పని లేదు. స్టాండర్డ్ లైబ్రరీలో ఉన్న ఫైల్‌సిస్టమ్ పుట్టిందే బూస్ట్ నుంచి, ఫంక్షన్ల పేర్లు కూడా చాలావరకు అవే. బిట్‌కాయిన్ నడిపే ప్రోగ్రామ్ బిట్‌కాయిన్ కోర్ 2022లో 23.0 వెర్షన్‌తో ఈ మార్పు చేసేసింది. అయితే పేర్లు కలవడంలోనే ప్రమాదం ఉంది. నేమ్‌స్పేస్ మార్చగానే కోడ్ కంపైల్ అవుతుంది, మీ లినక్స్ మెషీన్‌లో నడుస్తుంది కూడా. తేడా బయటపడేది విండోస్‌లోనో మ్యాక్‌లోనో, వాడేవాళ్ల సొంత ఫైళ్ల దగ్గర. ఈ పనిలో కోడ్ మార్చడానికి పట్టే సమయం కంటే టెస్టులకు ఎక్కువ కేటాయించండి.

మొదట తేల్చుకోవాల్సింది, ఎంత పాత సిస్టమ్‌ల దాకా మద్దతు ఇస్తారన్నది. మ్యాక్‌లో 10.15 కంటే కింది వెర్షన్‌ను డిప్లాయ్‌మెంట్ టార్గెట్‌గా (ప్రోగ్రామ్ నడవాల్సిన అతి పాత వెర్షన్‌గా) పెడితే కంపైలర్ ఒప్పుకోదు. విజువల్ స్టూడియో 2017 అయితే 15.7 అప్‌డేట్ కావాలి. జీసీసీ కంపైలర్ 9వ వెర్షన్ నుంచి ఫైల్‌సిస్టమ్ ప్రధాన లైబ్రరీలోనే ఉంది. జీసీసీ 8లో మాత్రం దానికి వేరే స్టాటిక్ లైబ్రరీ ఉంది, దాన్ని మీరే లింక్ లైన్‌లో చేర్చాలి. డెబియన్ 10, రెడ్‌హ్యాట్ 8 వాడేది ఈ జీసీసీ 8నే. మర్చిపోతే మామూలుగా లింక్ ఎర్రర్ వస్తుంది, అది నయం. కానీ ఆ మెషీన్‌లో రన్‌టైమ్ లైబ్రరీ జీసీసీ 9దో ఆ పైదో అయితే లింకర్‌కు అదే పేరుతో సింబళ్లు (ఫంక్షన్ల పేర్లు) అందులో దొరికేస్తాయి. లోపలి నిర్మాణం మాత్రం వేరు. ప్రోగ్రామ్ పాత్ (ఫైల్ ఉన్న చోటు చెప్పే దారి) ఆబ్జెక్ట్‌ను నాశనం చేసేటప్పుడు సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో పడిపోతుంది. బ్యాక్‌ట్రేస్ (పడిపోయే ముందు పిలిచిన ఫంక్షన్ల జాబితా) చూసి మీ కోడ్‌లో తప్పు వెతకడం మొదలుపెడతారు, అక్కడేమీ దొరకదు.

10.15 కంటే పాత మ్యాక్‌లను వదులుకోలేకపోతే సి++11 మీదే పనిచేసే ఒకే హెడర్ ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. అదీ బయటి లైబ్రరీయే గానీ లింక్ చేయాల్సింది ఏమీ ఉండదు.

ఇక కోడ్. గిట్ గ్రెప్‌తో బూస్ట్ ఫైల్‌సిస్టమ్ పేరు కనిపించిన ప్రతి చోటూ జాబితా తీయండి. అన్నిటినీ మీ సొంత హెడర్ ఒక్కదాని వెనక్కి చేర్చండి. అందులో నేమ్‌స్పేస్‌కు ఒక చిన్న మారుపేరు పెట్టి, మిగతా కోడ్ అంతా ఆ మారుపేరే వాడేలా మార్చండి. ఫైల్ స్ట్రీమ్‌లు, ఎర్రర్ కోడ్ టైపు కూడా అదే హెడర్ గుండా వెళ్లాలి. ఈ దశలో బూస్ట్ ఇంకా అక్కడే ఉంటుంది, ప్రోగ్రామ్ ప్రవర్తన ఏమీ మారదు. దీన్ని విడిగా మెర్జ్ చేయండి. పేర్ల మార్పునూ, బూస్ట్ తీసేయడాన్నీ కలిపి ఒకే పెద్ద ప్యాచ్‌గా పంపితే రివ్యూ చేసేవాళ్లకు వందల వరుసల పేరు మార్పుల మధ్య అసలు తేడా కనిపించదు.

తర్వాతి మెట్టును చాలామంది దాటేస్తారు. బూస్ట్ 1.77 నుంచి ఫైల్‌సిస్టమ్ వెర్షన్ 4 ఉంది, ఒక మ్యాక్రోతో దాన్ని ఎంచుకోవచ్చు. అది ప్రవర్తనలో స్టాండర్డ్‌కు చాలా దగ్గర. బూస్ట్ మీద ఉండగానే ప్రాజెక్టు మొత్తాన్ని వెర్షన్ 4తో కంపైల్ చేసి టెస్టులు నడిపితే, కింద చెప్పే పాత్ తేడాలు అక్కడే బయటపడతాయి. కోడ్ తిరిగి మార్చనక్కర్లేదు, మ్యాక్రో తీస్తే చాలు.

ఆ తేడాలన్నిటిలో ప్రమాదకరమైనది పాత్‌లను కలిపే స్లాష్ ఆపరేటర్. కుడివైపు పాత్ స్లాష్‌తో మొదలైతే బూస్ట్ వెర్షన్ 3 దాన్ని ఎడమవైపు దానికి అతికిస్తుంది: "/డేటా"కు "/చిట్టా" కలిపితే "/డేటా/చిట్టా". స్టాండర్డ్ ఎడమవైపును పారేసి "/చిట్టా" ఒక్కటే ఇస్తుంది. ఆర్కైవ్ విప్పే కోడ్‌లోనో, నెట్ నుంచి ఫైల్ పేరు తీసుకునే కోడ్‌లోనో ఇది జరిగితే మీ ఫోల్డర్ దాటి ఎక్కడైనా రాయొచ్చు. బయటి నుంచి వచ్చే ప్రతి పేరునూ కలిపే ముందే అది రిలేటివ్ అవునా అని చూడండి. రెండు చుక్కలతో పైకి ఎక్కే పేర్లను బూస్ట్ కూడా ఆపదు కాబట్టి వాటికీ ఒక తనిఖీ ఎలాగూ ఉండాలి.

మిగతావి చిన్నవే కానీ విసిగిస్తాయి. "అ/ఆ" నుంచి రిమూవ్ ఫైల్‌నేమ్ చేస్తే పాతది (బూస్ట్ వెర్షన్ 3) "అ" ఇచ్చేది, కొత్తది "అ/" ఇస్తుంది. పేరెంట్ పాత్ వాడితే రెండింటిలోనూ "అ" వస్తుంది, దానికి మారిపోండి. చివర స్లాష్ ఉన్న పాత్‌కు ఫైల్‌నేమ్ అడిగితే పాతది ఒక చుక్క ఇచ్చేది, కొత్తది ఖాళీ ఇస్తుంది. చుక్కతో మొదలయ్యే దాచిన ఫైల్ పేరు మొత్తాన్ని పాతది ఎక్స్‌టెన్షన్ అనుకునేది, కొత్తదానికి అసలు ఎక్స్‌టెన్షనే లేదు.

కొన్ని ఫంక్షన్లు స్టాండర్డ్‌లో లేనే లేవు. యూనిక్ పాత్ లేదు. యాదృచ్ఛిక బైట్లను హెక్స్‌గా మార్చి మీరే పేరు తయారు చేసుకోవాలి. అబ్సొల్యూట్ ఫంక్షన్‌కు రెండో ఆర్గ్యుమెంట్‌గా బేస్ ఇవ్వడం కుదరదు. బేస్‌కు పాత్‌ను స్లాష్‌తో కలిపితే చాలు, పైన చెప్పిన కొత్త ప్రవర్తన ఇక్కడ మేలు చేస్తుంది.

ఫైల్ సమయాల దగ్గర ఆగి చూడండి. బూస్ట్ 1970 నుంచి లెక్కించే సెకన్లు ఇచ్చేది. స్టాండర్డ్ దాని సొంత గడియారం ఇస్తుంది, దాని మొదలు లైబ్రరీని బట్టి మారుతుంది: మైక్రోసాఫ్ట్‌ది 1601, జీసీసీది 2174. జీసీసీలో ఇవాళ్టి ఫైల్‌కు రుణ సంఖ్య వస్తుంది. ఆ సంఖ్యను కాష్‌లోనో డేటాబేస్‌లోనో దాస్తే పాత రికార్డులతో పొసగదు, వేరే ప్లాట్‌ఫామ్‌లో అర్థం కాదు. సి++20లో గడియారాలు మార్చే ఫంక్షన్ ఉంది. సి++17లో రెండు గడియారాల "ఇప్పుడు" తీసుకుని తేడా కలిపే ఉపాయం చెబుతుంటారు. ఆ రెండు క్షణాలు ఒకటి కావు, కాబట్టి అదే ఫైల్‌కు ప్రతిసారీ కాస్త తేడాతో విలువ రావచ్చు. తెరమీద చూపించడానికి పరవాలేదు, ఫైల్ మారిందా అని పోల్చడానికి వాడకండి.

తెలుగు పేర్లున్న ఫైళ్లకు ఎక్కువ దెబ్బ తగిలేది విండోస్‌లో. బూస్ట్‌లో పాత్ టైపుకు యుటిఎఫ్-8 లొకేల్ అంటగట్టే సౌకర్యం ఉండేది, స్టాండర్డ్‌లో లేదు. మైక్రోసాఫ్ట్ లైబ్రరీలో స్ట్రింగ్ ఫంక్షన్ పిలిస్తే అది సిస్టమ్ కోడ్ పేజీలోకి (విండోస్ పాత అక్షర సంకేతాల పట్టికలోకి) మారుస్తుంది. ఆ పేజీలో తెలుగు అక్షరాలు లేకపోతే ఎక్సెప్షన్ విసురుతుంది. విండోస్ కోసం ఉన్న జీసీసీ, మింగ్‌డబ్ల్యూలో అదే వరుస యుటిఎఫ్-8గా సజావుగా నడుస్తుంది. అందుకని పాత్‌ను యుటిఎఫ్-8కూ, యుటిఎఫ్-8ను పాత్‌కూ మార్చే రెండు ఫంక్షన్లు మీ హెడర్‌లో రాసుకోండి. మిగతా కోడ్‌లో స్ట్రింగ్ ఫంక్షన్‌ను నేరుగా పిలవనివ్వకండి. సి++20లో యుటిఎఫ్-8 స్ట్రింగ్ టైపు మారుతుంది కాబట్టి ఈ రెండు ఫంక్షన్లు ఉంటే రేపు మార్చాల్సింది కూడా అక్కడే.

టెస్టులో "తైలం" అనే పేరుతో ఒక ఫైల్ తప్పక పెట్టండి. ఐత్వం గుర్తును యూనికోడ్ ఒక సంకేతంగానూ, రెండు ముక్కలుగానూ రాయనిస్తుంది. మ్యాక్ పాత ఫైల్‌సిస్టమ్ హెచ్ఎఫ్ఎస్ ప్లస్ దాన్ని విడగొట్టి దాస్తుంది. డైరెక్టరీ చదివి వచ్చిన పేరును మీరిచ్చిన పేరుతో బైట్ల వారీగా పోలిస్తే కలవదు.

చివరగా తుడిచే పని. సీమేక్‌లో బూస్ట్ వెతికే వరుస, సీఐ స్క్రిప్టులు, డాకర్ ఫైల్, డెబియన్ కంట్రోల్ ఫైల్, ఆర్‌పీఎం స్పెక్, వీసీప్యాకేజ్ జాబితా, బిల్డ్ సూచనలు: అన్నిట్లో పెద్ద, చిన్న అక్షరాల తేడా లేకుండా "బూస్ట్" కోసం గ్రెప్ చేయండి. బూస్ట్ అసలు ఇన్‌స్టాల్ కాని శుభ్రమైన కంటైనర్‌లో బిల్డ్ చేయండి. ఇన్నాళ్లూ బూస్ట్ హెడర్ల చాటున వచ్చిన స్టాండర్డ్ హెడర్లు ఇప్పుడు రావు, ఆ ఎర్రర్లు ఒక్కో కంపైలర్‌లో ఒక్కోచోట తేలతాయి. తయారైన బైనరీ ఇంకా బూస్ట్ మీద ఆధారపడుతోందేమో లినక్స్‌లో ఎల్‌డీడీతో, మ్యాక్‌లో ఓటూల్‌తో, విండోస్‌లో డంప్‌బిన్‌తో చూడండి. స్టాటిక్‌గా లింక్ చేసినదైతే ఇవేవీ చూపించవు, ఎన్ఎమ్‌తో సింబళ్లు వెతకాలి. బూస్ట్ నుంచి కాపీ చేసిన కోడ్ ఒక్క ఫైల్‌లో మిగిలినా దాని లైసెన్స్ పాఠాన్ని తీయకండి.