మెర్జ్ హక్కు మీ చేతికి రావాలంటే

డేటా ఫైళ్లు చదివే ఒక ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) లైబ్రరీకి నేను మెయింటెయినర్‌ని, అంటే దాని బాగోగులు చూసే బాధ్యత నాది. కొత్తవాళ్లలో ఎవరికి మెర్జ్ హక్కు (వచ్చిన మార్పులను అసలు కోడ్‌లో కలిపే హక్కు) ఇవ్వాలన్న మాట వచ్చినప్పుడు నాకూ ఓటు ఉంటుంది. ఎవరు ఎన్ని లైన్లు రాశారన్న లెక్క ఆ చర్చలో రాదు. ఈ మనిషి ఓకే అన్న మార్పును మేం మళ్లీ తెరిచి చూసుకోవాలా, అక్కర్లేదా? మాలో మేం వేసుకునే ప్రశ్న ఇదే. అందుకే కొత్తగా వచ్చేవాళ్లకు కోడ్ కుప్పలు పోయమని చెప్పను. మెయింటెయినర్ నెత్తిన ఉన్న పనిలో ఏ ముక్క మీరు తీసుకోగలరో వెతకమంటాను.

ముందు మీ ప్రాజెక్టులో మెట్లు ఎలా ఉన్నాయో చూడండి. కాంట్రిబ్యూటింగ్, గవర్నెన్స్, ఓనర్స్ లాంటి పేర్లతో ఫైళ్లు ఉంటాయి, అవి చదవాలి. ఒక్కోచోట ఒక్కో పద్ధతి. సర్వర్ల మీద అప్లికేషన్లను నడిపించే కుబెర్నెటీస్‌లో మెంబర్ కావాలంటే ఇద్దరు రివ్యూయర్లు మీ పేరును బలపరచాలి. ఆ పై మెట్టు రివ్యూయర్. దానికి కనీసం 3 నెలలు మెంబర్‌గా ఉండాలి, చెప్పుకోదగ్గ పుల్ రిక్వెస్టులు (తమ మార్పును కలపమని పెట్టే అభ్యర్థనలు) 20 అయినా రివ్యూ చేసో, సొంతవి మెర్జ్ చేయించుకునో ఉండాలి. అపాచీ ఫౌండేషన్ ప్రాజెక్టుల్లో మేనేజ్‌మెంట్ కమిటీ తమలో తాము చర్చించుకుని, ఓటు వేసి కొత్తవాళ్లను పిలుస్తుంది. పైథాన్‌లో ఓటేసిన కోర్ డెవలపర్లలో మూడింట రెండు వంతుల మంది సరే అనాలి. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లో ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) ఈమెయిల్‌లో వెళ్తాయి, ఏ భాగానికి ఎవరు బాధ్యులో మెయింటెయినర్స్ అనే ఫైల్లో రాసి ఉంటుంది. చిన్న ప్రాజెక్టుల్లో రాసిపెట్టిన నియమం ఏదీ ఉండకపోవచ్చు. అప్పుడు గత ఏడాదిలో హక్కులు వచ్చినవాళ్లు అంతకు ముందు ఏం పనులు చేశారో వెనక్కి వెళ్లి చూడండి. అక్కడ నడిచే అసలు నియమం అదే.

మొదటి అడుగుకు నేను చెప్పేది కోడ్ కాదు, ఇష్యూలు, అంటే ప్రాజెక్టు పేజీలో జనం నమోదు చేసిన సమస్యలు. ఏ ప్రాజెక్టులోనైనా సగం సమాచారంతో పడి ఉన్న బగ్ రిపోర్టులు బోలెడు. "ఫైల్ ఇంపోర్ట్ చేస్తే చివరి లైన్ రావట్లేదు" అని ఎవరో రాసి వెళ్లిపోయారనుకోండి. దాని కింద "నాకూ ఇదే సమస్య" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. తాజా వెర్షన్ ఇన్‌స్టాల్ చేసి, రెండు లైన్ల ఫైల్ ఒకటి తయారు చేయండి. చివర న్యూలైన్ (లైన్ ముగిసిందని చెప్పే గుర్తు) ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి నడపండి. తీసేసినప్పుడే లైన్ పోతోందని తేలితే, పాత వెర్షన్‌లో బాగుందో లేదో చూడండి. బాగుంటే గిట్ బైసెక్ట్ (మార్పుల చరిత్రను సగం సగం చేసుకుంటూ వెతికే సాధనం) పెట్టి, ఏ కమిట్ (నమోదైన ఒక మార్పు) దగ్గర చెడిందో పట్టుకోండి. ఆ తర్వాత ఇలా రాయండి: "చివర న్యూలైన్ లేని ఫైళ్లకే ఇది జరుగుతోంది. బఫర్ చదివే లూప్‌ను మార్చిన ఈ కమిట్ నుంచి మొదలైంది. పరీక్షించిన ఫైల్ జత చేశాను." ఈ మూడు వాక్యాలు నాలాంటివాళ్లకు ఒక సాయంత్రం మిగులుస్తాయి. అలా మిగిల్చిన పేరు గుర్తుండిపోతుంది, నిజంగానే.

పుల్ రిక్వెస్ట్ దగ్గరికి వస్తే, చిన్నది పెట్టండి. ఒక రిక్వెస్టులో ఒకటే మార్పు. బగ్ సరిచేస్తూ పనిలో పనిగా వేరియబుల్ పేర్లు మార్చడం, ఫార్మాటింగ్ సర్దడం వద్దు. ఆ రద్దీలో అసలు మార్పు ఎక్కడుందో కనిపించదు. టెస్ట్ తప్పకుండా రాయండి, మీ మార్పు లేకుండా ఆ టెస్ట్ ఫెయిల్ అవుతుందని చూసుకున్నాకే పంపండి. కమిట్ మెసేజ్‌లో ఏం మార్చారన్నది కోడ్ చూస్తే తెలుస్తుంది, ఎందుకు మార్చారన్నది రాయాలి. పెద్ద ఫీచర్ అయితే కోడ్ మొదలుపెట్టకముందే అడగండి. అక్షరదోషాలు దిద్దే రిక్వెస్టులతో మొదలుపెట్టడం మంచిదే, దారీతెన్నూ తెలుస్తాయి. అవే పదే పదే పెడితే మాత్రం నమ్మకం అక్కడే ఆగిపోతుంది. ఏఐ టూల్‌తో రాయించిన కోడ్ విషయంలో ప్రాజెక్టు నియమం ఏమిటో ముందే చూసుకోండి. ఒప్పుకునే చోటైనా సరే, "ఇక్కడ ఈ కండిషన్ ఎందుకు?" అని అడిగితే సొంతంగా జవాబు చెప్పలేని లైన్ ఒక్కటి కూడా పంపొద్దు.

ఇక అన్నిటికంటే ఎక్కువ పనిచేసేది, జనం తక్కువ చేసేది ఒకటుంది: ఇతరుల పుల్ రిక్వెస్టులు రివ్యూ చేయడం. చాలా ప్రాజెక్టుల్లో దీనికి ఏ హక్కూ అక్కర్లేదు. ఎన్నాళ్లుగానో ఎవరూ చూడని రిక్వెస్ట్ ఒకటి తీసుకోండి. ఆ మార్పు ఉన్న బ్రాంచ్‌ను (విడి కోడ్ ప్రతిని) మీ మెషీన్ మీదికి దించి నడపండి. ఖాళీ ఫైల్ ఇస్తే ఏమవుతుంది? తెలుగు అక్షరాలున్న ఫైల్ ఇస్తే? చాలా పెద్ద ఫైల్ ఇస్తే మెమరీ ఎంత తింటోంది? మీరు చూసినవీ, చూడనివీ రెండూ రాయండి. "విండోస్ మీద నడపలేదు" అన్న వాక్యం ఉన్న రివ్యూను నేను ఎక్కువ నమ్ముతాను, ఎందుకంటే మిగతా భాగం నిజంగా చూశారని అర్థమవుతుంది. ఊరికే "బాగుంది" అని రాసిన రివ్యూ వల్ల నా పని తగ్గదు. కెర్నల్‌లో రివ్యూడ్ బై, టెస్టెడ్ బై అన్న ట్యాగులు కమిట్‌లోనే మీ పేరుతో నిలిచిపోతాయి. అది ఊరికే పెట్టే సంతకం కాదు, నిజంగా చూశాకో, నడిపాకో ఇచ్చే మాట.

రాసింది ఇంకొకరి కోడ్, నెలలు పట్టిన శ్రమ అన్న సంగతి మరవొద్దు. "ఇది తప్పు" అని తేల్చేయడం కంటే "ఈ ఇన్‌పుట్ ఇస్తే నాకు ఇలా వచ్చింది" అని చూపించండి. మీ మీద రివ్యూ వచ్చినప్పుడూ అంతే. ఒప్పుకోకపోతే కారణం రాయండి, ఒప్పుకుంటే సరిచేసి ఏం మార్చారో ఒక లైన్ పెట్టండి. మధ్యలో మాయమైపోతేనే మాకు టెన్షన్. తీరిక లేకపోతే "నా వల్ల కాదు, ఎవరైనా తీసుకోండి" అని రాసినా చాలు, మాట మీద నిలబడ్డట్టే లెక్క.

ఇంత జాగ్రత్త ఎందుకన్న ప్రశ్నకు ఎక్స్‌జెడ్ ఉదంతం తెలిస్తే చాలు. జియా టాన్ అన్న పేరుతో ఒకరు 2021 నుంచి కంప్రెషన్ టూల్ ఎక్స్‌జెడ్‌కు ప్యాచ్‌లు పంపుతూ, మెల్లగా మెయింటెయినర్ అయ్యారు. కొత్తవాళ్లకు పగ్గాలివ్వమని వేరే పేర్లతో కొందరు అసలు మెయింటెయినర్ మీద ఒత్తిడి తెచ్చారు. 2024లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్ (లోపలికి దొంగచాటు దారి) దూర్చారు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వి చూసిన డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ ఆ మార్చిలో దాన్ని బయటపెట్టారు. అప్పటినుంచి హక్కుల కోసం తొందరపెట్టేవాళ్లను చూస్తే మాకు సహజంగానే అనుమానం. రెండంచెల లాగిన్ పెట్టుకోమన్నా, కమిట్లకు సంతకం చేయమన్నా మిమ్మల్ని శంకించినట్టు కాదు. లినక్స్ ఆధారిత డెబియన్‌లో డెవలపర్ కావాలంటే మామూలుగా మీ కీ (మిమ్మల్ని గుర్తించే డిజిటల్ తాళం) మీద ఇప్పటికే ఉన్న డెవలపర్లు సంతకం చేయాలి. అది అందరికీ ఉన్న నియమమే.

అడగడం తప్పా అంటే, కాదు. కుబెర్నెటీస్‌లో దరఖాస్తు మీరే పెట్టుకోవాలి. పిలిచి ఇచ్చే చోట మాత్రం "నాకెప్పుడు ఇస్తారు" అనకండి. "ఈ భాగంలో ఎక్కువ బాధ్యత తీసుకోవాలనుంది, నేను ఇంకా ఏం నేర్చుకోవాలి?" అని మీ రిక్వెస్టులు ఎక్కువగా చూసిన మెయింటెయినర్‌ను అడగండి. సూటిగా జవాబు వస్తుంది.

హక్కు వచ్చాక కొన్నాళ్లు మీకు బాగా తెలిసిన భాగంలోనే మెర్జ్ చేయండి. సొంత రిక్వెస్టును ఇంకొకరు చూడకుండా మెర్జ్ చేయొద్దు. మీరు మెర్జ్ చేసినదాని వల్ల బిల్డ్ (కోడ్ నుంచి ప్రోగ్రాం తయారవడం) విరిగితే ముందు రివర్ట్ చేసి, అంటే ఆ మార్పును వెనక్కి తీసి, కారణం తర్వాత వెతకండి. ఉద్యోగమో, ఇంటి పరిస్థితో మారి సమయం లేకుండా పోతే, మీ పేరును ఎమెరిటస్ (బాధ్యతల నుంచి తప్పుకున్నవాళ్ల) జాబితాలోకి మార్చే రిక్వెస్ట్ మీరే పెట్టండి. వాడని ఖాతాకు హక్కులు ఉండిపోవడం ప్రాజెక్టుకు ప్రమాదం. తిరిగి రావాలనిపిస్తే పాత పని అంతా రికార్డులో ఉంటుంది కాబట్టి, ఈసారి మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాల్సిన అవసరం చాలాచోట్ల ఉండదు.