నాన్నగారి బైపాస్ ఖర్చు: అంచనా నుంచి తుది బిల్లు దాకా

నాన్నగారికి బైపాస్ సర్జరీ తప్పదన్నప్పుడు ఆసుపత్రి ఇచ్చిన అంచనా కాగితంలో ఒకే మొత్తం ఉండటంతో, సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, హార్ట్ లంగ్ మెషీన్ (ఆపరేషన్ సమయంలో గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం) సామగ్రి, రక్తం, ఐసీయూ రోజులు విడివిడిగా రాసి ఇమ్మని బిల్లింగ్ విభాగాన్ని అడిగాను. ఆ ఒకే మొత్తంలో, అంటే ప్యాకేజీలో, ఐసీయూకు రోజుల పరిమితి ఉంది. అది దాటితే చార్జీలు, మందులు వేరు. భారం పెరిగేది ముఖ్యంగా అక్కడే కనుక, ఆ మేరకు డబ్బు పక్కన పెట్టాము. గది అద్దె పరిమితి దాటితే డాక్టర్ల ఫీజులతో సహా క్లెయిమును ఆ పరిమితికి, అసలు అద్దెకు ఉన్న నిష్పత్తిలో తగ్గిస్తారని మా బీమా పాలసీలో ఉన్నందున, ఆ పరిమితికి లోబడిన గదినే తీసుకున్నాము. నగదురహిత చికిత్సకు (బీమా సంస్థే ఆసుపత్రికి నేరుగా చెల్లించే పద్ధతికి) అనుమతి కూడా ముందే వచ్చింది. తుది బిల్లును వరుస వరుసగా చూస్తే, వాడకుండా తిరిగి ఇచ్చిన మందులు ఇంకా అందులోనే ఉన్నాయి. ఫార్మసీ రిటర్న్ చీటీ చూపగానే తీసివేశారు.