షేకర్‌లో ఈ.కోలై పెరుగుదల ఆగిపోతే: నా అనుభవం

ఫ్లాస్కులను ఊపే యంత్రమైన షేకర్‌లో, గ్లూకోజు కలిపిన ద్రవ మాధ్యమంలో (బాక్టీరియాకు ఆహారమైన ద్రవం) 37 డిగ్రీల దగ్గర పెంచుతున్న ఈ.కోలై బాక్టీరియా మొదట చురుగ్గా పెరిగి, మధ్యలో నిలిచిపోయేది. పీహెచ్ 7 నుంచి 5.5కు పడిపోయేది, మూత తీస్తే పుల్లని వాసన. కొత్త మాధ్యమం, కొత్త గ్లిసరాల్ స్టాకు (గ్లిసరాల్ కలిపి గడ్డకట్టించి దాచిన బాక్టీరియా), రెట్టింపు గ్లూకోజు... ఏదీ పనిచేయలేదు.

లోపం ఆహారంలో కాదు, కదలికలో ఉంది. ఆ వేడి దగ్గర లీటరు నీటిలో సుమారు 7 మిల్లీగ్రాముల ఆక్సిజనే కరుగుతుంది. దట్టంగా పెరిగిన కణాలు దాన్ని నిమిషాల్లోనే వాడేస్తాయి. ద్రవం పలుచని పొరగా గాజు గోడలపైకి ఎక్కుతూ దిగుతూ ఉంటేనే గాలి మళ్లీ బాగా అందుతుంది. అందకపోతే బాక్టీరియా ఆక్సిజన్ లేకుండానే చక్కెరను విడగొట్టే కిణ్వనానికి మళ్లుతుంది. అసిటేట్, ఫార్మేట్, లాక్టేట్ వంటి ఆమ్ల పదార్థాలు పోగుపడి పీహెచ్‌ను తగ్గిస్తాయి.

ముందుగా 250 మి.లీ. ఫ్లాస్కులో ద్రవాన్ని 150 నుంచి 40 మి.లీ.కి తగ్గించాను. తర్వాత బిగుతు మూత తీసి దూది బిరడా పెట్టాను. చివరగా వేగాన్ని నిమిషానికి 120 నుంచి 200 చుట్లకు పెంచి, షేకర్ పక్కనే నిలబడి చూశాను. ద్రవం మధ్యలో గుంటపడింది, అంచు వెంట సన్నని అల తిరుగుతోంది. ఆ రోజు పెరుగుదల ఆగలేదు; పీహెచ్ 6.8 దగ్గర నిలిచింది.

మూడూ ఒకే ప్రయత్నంలో మార్చాను కనుక ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. ద్రవం తగ్గించడమే ముఖ్యమని నా నమ్మకం. గ్లూకోజు మరీ ఎక్కువైతే గాలి అందినా అసిటేట్ వస్తుంది. దారాల్లా పెరిగే స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియాకు మాత్రం ఇంత ఊపు పడకపోవచ్చు, దారాలు తెగిపోతాయి.